దూరాల పట్టిక ఒక్కటే ఉంది, శాసనాలను వరుసలో పేర్చడం ఎలా?

రేనాటి_అక్షరం

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

నేను తెలుగు లిపి మారిన తీరు మీద పరిశోధన చేస్తున్నాను. నా దగ్గర 90 శాసనాల ఎస్టాంపేజీల ఫొటోలు ఉన్నాయి, అంటే రాతి మీద తడి కాగితం అద్ది సిరా కొట్టి తీసే అచ్చులు. కొన్నిటిలో శక సంవత్సరం స్పష్టంగా ఉంది, వాటితో బాధ లేదు. ఎక్కువ భాగం మాత్రం విరిగిపోయినవో, అసలు కాలం చెప్పనివో, "ప్రవర్ధమాన విజయరాజ్య సంవత్సరంబుల్" అని మొదలుపెట్టి అంకె దగ్గర రాయి పెచ్చు ఊడిపోయినవో. వాటిని లిపిని బట్టి ముందూ వెనకా పేర్చాలి.

నేను చేసింది ఇదీ. క, త, న, మ, ర లాంటి అక్షరాలకు, తలకట్టుకు, కొన్ని గుణింతపు గుర్తులకు ఎన్ని రకాల ఆకారాలు కనిపిస్తున్నాయో చూసి ఒక్కో ఆకారానికి ఒక్కో నంబర్ ఇచ్చాను. ఏ రెండు శాసనాలు తీసుకున్నా, రెండిట్లోనూ ఉన్న అక్షరాల్లో ఎంత భాగం వేరే ఆకారంలో ఉన్నాయో అదే వాటి మధ్య దూరం. అన్నీ ఒకేలా ఉంటే 0, ఒక్కటీ కలవకపోతే 1. అలా 90 అడ్డవరుసలు, 90 నిలువువరుసలు ఉన్న పట్టిక తయారైంది.

దాన్ని పైథాన్‌లో హైరార్కికల్ క్లస్టరింగ్‌కి (దగ్గరివాటిని జత చేస్తూ గుంపులు కట్టే పద్ధతి) ఇస్తే చెట్టు బొమ్మ వచ్చింది, కింద ఆకుల దగ్గర శాసనాలు ఎడమ నుంచి కుడికి వరుసగా ఉన్నాయి. ఆ వరుసనే కాలక్రమం అనుకోవచ్చా? ఎందుకంటే గుంపుల మధ్య దూరాన్ని కొలిచే తీరులో యావరేజ్ లింకేజ్ (సగటు దూరం) తీసేసి కంప్లీట్ (అన్నిటికంటే పెద్ద దూరం) పెడితే వరుస చాలా మారిపోతోంది. ఇంకోపక్క మల్టీడైమెన్షనల్ స్కేలింగ్ (దూరాలను బట్టి ఒక్కో శాసనాన్నీ ఒక చుక్కగా పరిచే పద్ధతి) చేసి రెండు అక్షాల మీద చుక్కలు పెడితే అవి గీతలా కాకుండా గుర్రపు నాడా ఆకారంలో వంగి కనిపిస్తున్నాయి. అంటే నా డేటాలో రెండు వేర్వేరు కారణాలు పనిచేస్తున్నట్టా?

అన్ని వరుసలూ ప్రయత్నించి మంచిది ఏరుకోవడం కుదరదని తెలుసు, 90 ఫాక్టోరియల్ అంటే 139 అంకెల సంఖ్య. మరి దీనికి సరైన పద్ధతి ఏది? నా గణితం డిగ్రీ దాకానే, కానీ వివరంగా చెప్తే పట్టుకోగలను.

కోడ్_గుంటూరు

చాలా మంచి పని చేస్తున్నారండీ. ముందు చెట్టు సంగతి. ఆకుల వరుసను కాలక్రమంగా అస్సలు తీసుకోకండి. 90 ఆకులున్న చెట్టులో 89 చోట్ల రెండేసి కొమ్మలు కలుస్తాయి, ప్రతి కలయిక దగ్గరా ఎడమ కొమ్మను కుడికి తిప్పినా చెట్టు అర్థం మారదు, అంటే అదే చెట్టును 2ను 89 సార్లు గుణిస్తే వచ్చేటన్ని వరుసల్లో గీయొచ్చు, అది సుమారు 6 పక్కన 26 సున్నాలు. అందులో ఏదో ఒకటి ప్రోగ్రామ్ గీసి చూపించింది, అంతే. పక్కపక్కన ఉన్న రెండు ఆకులు వేర్వేరు పెద్ద కొమ్మలకు చెందినవైతే వాటి పొరుగుతనానికి ఏ విలువా లేదు.

ఈ తిప్పుళ్లలో పక్కపక్క దూరాల మొత్తం అన్నిటికంటే తక్కువ వచ్చేదాన్ని కచ్చితంగా కనిపెట్టే పద్ధతి ఉంది, ఆప్టిమల్ లీఫ్ ఆర్డరింగ్ అంటారు. జీన్ ఎక్స్‌ప్రెషన్ డేటా కోసం బార్-జోసెఫ్, గిఫర్డ్, యాకోలా 2001లో ఇచ్చారు. పైథాన్ లైబ్రరీ సైపైలో లింకేజ్ ఫంక్షన్‌కి ఆప్టిమల్ ఆర్డరింగ్ అనే ఆప్షన్ ఉంటుంది, డీఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేస్తే చాలు. ఇప్పుడున్న దానికంటే నయం. కానీ అది కూడా చెట్టుకు కట్టుబడే పనిచేస్తుంది. చెట్టు ఒకసారి రెండు శాసనాలను ఒకే గుంపులో వేసిందంటే మూడో దాన్ని వాటి మధ్యలోకి తేవడం కుదరదు, కాలమేమో గుంపులు గుంపులుగా కాకుండా ఒకే ధారగా నడుస్తుంది కదా, అందుకే మీ పనికి చెట్టు సరైన పనిముట్టు కాదని నా అభిప్రాయం.

మీరు అడుగుతున్న సమస్యకు సీరియేషన్ అని పేరు. ఇది పుట్టిందే మీలాంటి వాళ్ల దగ్గర. ఈజిప్టులో రాజవంశాల కంటే ముందు కాలపు సమాధులు తవ్విన ఫ్లిండర్స్ పెట్రీకి ఏ సమాధి ముందుదో చెప్పే రాత ఆధారం ఒక్కటీ లేదు, కుండలు మాత్రం బోలెడు. ఒక్కో సమాధిలో దొరికిన కుండల రకాలను ఒక్కో అట్టముక్క మీద రాసుకుని, ఒకే రకం కుండ ఉన్న అట్టలు వీలైనంత దగ్గరగా వచ్చేలా మార్చి మార్చి పేర్చాడు, దాదాపు 900 సమాధులు, చేత్తోనే! 1899లో ఆ పద్ధతిని అచ్చువేశాడు. ఆ వరుసకు సంవత్సరాలు ఇవ్వకుండా 30 నుంచి 80 దాకా క్రమసంఖ్యలు మాత్రమే ఇచ్చాడు, ముందు ముందు ఇంకా పాతవి దొరికితే ఉంటాయని 30 కంటే కింది అంకెలు ఖాళీగా వదిలేశాడు. తనకు తెలిసింది వరుస మాత్రమే, సంవత్సరం కాదు అన్న తేడాను అంత శుభ్రంగా పాటించడం చూస్తే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

దూరాల పట్టికతో ఇదే పని చేయడానికి దారి చూపింది 1951లో బ్రెయినర్డ్ అనే పురావస్తు శాస్త్రవేత్త, రాబిన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త. రాబిన్సన్ చెప్పిన షరతు ఇది: వస్తువులు సరైన వరుసలో ఉంటే, పట్టికలో కర్ణం (ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు పోయే గీత) నుంచి దూరంగా జరిగే కొద్దీ దూరాలు పెరగాలి లేదా అలాగే ఉండాలి, తగ్గకూడదు. ఇంకోలా చెప్తే, వరుసలో ఏ మూడు తీసుకున్నా రెండు కొసల్లో ఉన్నవాటి మధ్య దూరమే అన్నిటికంటే పెద్దది కావాలి.

రైల్వే లైన్ మీద పెట్టి చూడండి. విజయవాడ నుంచి ఏలూరు సుమారు 60 కిలోమీటర్లు, రాజమండ్రి 150, సామర్లకోట 200, విశాఖ 350. ఈ అయిదు ఊళ్ల పేర్లు కలిపేసి, రెండేసి ఊళ్ల మధ్య దూరాలు మాత్రం ఇచ్చినా వరుస తిరిగి రాబట్టొచ్చు. ఏలూరు, రాజమండ్రి, విశాఖ తీసుకుంటే 90, 200, 290 వస్తాయి, 290 ఏలూరుకీ విశాఖకీ మధ్య, కాబట్టి మధ్యలో ఉన్నది రాజమండ్రి. ఇలా ఏ మూడు తీసుకున్నా ఎక్కడా గొడవ రాదు.

ఇప్పుడు అందులో వరంగల్, నెల్లూరు కలపండి. విజయవాడ నుంచి వరంగల్ సుమారు 200, నెల్లూరు 250. విజయవాడ మీదుగానే వెళ్లాలంటే వరంగల్ నుంచి నెల్లూరు 450, వరంగల్ నుంచి విశాఖ 550, నెల్లూరు నుంచి విశాఖ 600. ఈ చివరి మూడిట్లో పెద్దది 600, అంటే నెల్లూరుకీ విశాఖకీ మధ్య వరంగల్ రావాలి. కానీ వరంగల్, నెల్లూరు మధ్య విజయవాడ రావాలి, వరంగల్, విశాఖ మధ్య కూడా విజయవాడే రావాలి. ఒక్క విజయవాడ వరంగల్‌కి రెండు పక్కలా ఉండలేదు! ఏ వరుస వేసినా ఎక్కడో ఒకచోట షరతు తప్పుతుంది. లెక్క తప్పు కాదు, కొలత తప్పు కాదు, అక్కడ ఉన్నది గీత కాదు, జంక్షన్.

మీ శాసనాల విషయంలో నేను మొదట తేల్చుకోమనేది ఇదే. ఏ అల్గారిథమ్‌కి ఇచ్చినా ఏదో ఒక వరుస ఇచ్చేస్తుంది. జంక్షన్ డేటా ఇచ్చినా ఇస్తుంది.

గణితం_టీచర్

పైన కోడ్_గుంటూరు గారు చెప్పినదానికి కొనసాగింపు. ముందు గుర్రపు నాడా గురించి: అది కనిపిస్తే భయపడక్కర్లేదు, చాలాసార్లు అది మంచి శకునమే. మీ దూరం 1 దగ్గర ఆగిపోతుంది కదా. 200 ఏళ్ల తేడా ఉన్న రెండు శాసనాల్లో ఒక్క ఆకారమూ కలవకపోతే దూరం 1, 500 ఏళ్ల తేడా ఉన్నా 1 మాత్రమే. అంటే దూరంగా ఉన్నవన్నీ సమాన దూరంలో ఉన్నట్టు పట్టిక చెప్తోంది, ఆ మాటను బొమ్మలో ఇమడ్చాలంటే గీత వంగక తప్పదు. 1970 ప్రాంతంలో డేవిడ్ కెండాల్ దీన్ని బాగా వివరించాడు. ఆయన వాడిన డేటా స్విట్జర్లాండ్‌లో బెర్న్ దగ్గర మ్యున్‌సింగెన్ అనే చోట ఉన్న ఇనుప యుగపు శ్మశానం, 59 సమాధులు, 70 రకాల వస్తువులు. ఆ శ్మశానం కాలంతో పాటు ఒక దిక్కుగా పెరుగుతూ పోయింది, కాబట్టి లెక్కలో వచ్చిన వరుసను నేల మీద సమాధుల స్థానంతో పోల్చి చూసుకునే వీలు దొరికింది. మీ నాడాలో కొసలు మరీ లోపలికి ముడుచుకుపోతే మొదటి అక్షం మీద విలువలను బట్టి పేర్చకండి, వంపు వెంట నడుస్తూ పేర్చండి.

ఇక పద్ధతి. మీకు డిగ్రీ గణితం వచ్చు అన్నారు కాబట్టి స్పెక్ట్రల్ పద్ధతి చెప్తాను, నాకు ఈ విషయం మొత్తంలో బాగా నచ్చేది అదే. దూరాన్ని 1 నుంచి తీసేసి పోలికగా మార్చండి. ప్రతి శాసనానికి ఒక సంఖ్య ఇవ్వాలి, పోలిక ఎక్కువున్న జంటలకు దగ్గరి సంఖ్యలు రావాలి. అంటే ప్రతి జంటకూ పోలికను సంఖ్యల తేడా వర్గంతో గుణించి, అన్నీ కూడితే వచ్చే మొత్తం వీలైనంత తక్కువ ఉండాలి. అందరికీ ఒకే సంఖ్య ఇచ్చేస్తే మొత్తం సున్నా అవుతుంది, అది పనికిరాదు, అందుకని సంఖ్యల సగటు సున్నా, వర్గాల మొత్తం 1 అని షరతు పెడతాం. దీనికి జవాబు లాప్లాసియన్ అనే మాట్రిక్స్ రెండో ఐగెన్ వెక్టర్ (ఐగెన్ వెక్టర్ అంటే ఆ మాట్రిక్స్‌తో గుణిస్తే ఏదో ఒక సంఖ్య రెట్లు మాత్రమే అయ్యే వెక్టర్, ఆ సంఖ్య దాని ఐగెన్ విలువ). 1973లో ఈ రెండో ఐగెన్ విలువ గురించి రాసిన చెక్ గణితజ్ఞుడి పేరు మీద దాన్ని ఫీడ్లర్ వెక్టర్ అంటారు.

లాప్లాసియన్ కట్టడం సులువు. కర్ణం మీద ఒక్కో అడ్డవరుసలోని పోలికల మొత్తం (తనతో తనకు ఉన్న పోలిక వదిలేసి), మిగతా చోట్ల పోలికకు మైనస్ గుర్తు. పైథాన్ లైబ్రరీ నంపైలో సిమెట్రిక్ మాట్రిక్స్‌ల కోసం ఉన్న ఐగెన్ ఫంక్షన్‌కి ఇస్తే విలువలు చిన్నదాని నుంచి పెద్దదానికి వస్తాయి, మొదటిది సున్నా, దాన్ని వదిలేసి రెండోదాని వెక్టర్ తీసుకుని అందులోని సంఖ్యలను బట్టి శాసనాలను పేర్చడమే. అయిదారు లైన్ల కోడ్. 90కి రెప్పపాటులో అయిపోతుంది.

ఇది ఊరికే బాగుంటుందని వాడే చిట్కా కాదు, దీని వెనక సిద్ధాంతం ఉంది. 1998లో ఆట్కిన్స్, బోమన్, హెండ్రిక్సన్ నిరూపించారు: ఏదో ఒక వరుసలో రాబిన్సన్ షరతును పూర్తిగా పాటించే పట్టిక అయితే, రెండో ఐగెన్ విలువ ఒక్కసారే వచ్చి, ఫీడ్లర్ వెక్టర్‌లో రెండు సంఖ్యలు సమానం కాకపోతే, ఇలా పేర్చిన వరుస ఆ షరతును తప్పకుండా పాటిస్తుంది. సమానమైన సంఖ్యలు వస్తే ఆ గుంపును మళ్లీ విడిగా పేర్చాలి, దానికీ వాళ్లే దారి చూపించారు. రెండో ఐగెన్ విలువ కూడా సున్నా వచ్చిందా, మీ శాసనాలు ఒకదానితో ఒకటి ఏ పోలికా లేని గుంపులుగా విడిపోయాయని అర్థం, అప్పుడు ఒకే వరుస అడగడమే తప్పు.

షరతును పూర్తిగా పాటించే పట్టికలకు ఇంకా వేగమైన పద్ధతులు కూడా వచ్చాయి. ప్రెయా, ఫోర్తాన్ 2014లో ఇచ్చినదైతే పట్టికను చదవడానికి పట్టే పని ఎంతో దాదాపు అంత పనిలోనే తేల్చేస్తుంది, పట్టికను చదవకుండా జవాబు చెప్పలేం కాబట్టి అంతకంటే తగ్గేది లేదు. కానీ చేత్తో చెక్కిన అక్షరాలు, అరిగిపోయిన రాళ్లు, మీ పట్టిక అలా ఉండే ఆశ లేదు. అది "కాదు" అని చెప్పి ఆగిపోతుంది.

రేనాటి_అక్షరం

ఇద్దరికీ చాలా థాంక్స్. జంక్షన్ ఉదాహరణ చూశాక నా పట్టికను వేరే కళ్లతో చూస్తున్నాను. ఫీడ్లర్ వెక్టర్ కూడా వేసి చూశాను, శక సంవత్సరం ఉన్నవి చాలా వరకు క్రమంలోనే పడ్డాయి, కొన్ని మాత్రం ఎక్కడెక్కడో ఉన్నాయి. రెండు విషయాలు అడగాలి. షరతు పూర్తిగా పాటించని పట్టికలో "వీలైనంత మంచి వరుస" అని దేన్ని అంటారు? అదే ట్రావెలింగ్ సేల్స్‌మన్ సమస్య (అన్ని ఊళ్లూ తిరిగే అతి చిన్న దారి వెతకడం) కదా, దాని సాఫ్ట్‌వేర్ వాడితే సరిపోతుంది కదా అని మా స్నేహితుడు అంటున్నాడు. రెండోది, నా డేటా గీతా, జంక్షనా అని ఎలా తేల్చాలి?

కోడ్_గుంటూరు

మీ స్నేహితుడు చెప్పేది సగం నిజం. పక్కపక్క దూరాల మొత్తాన్ని తగ్గించాలి అనుకుంటే అది ట్రావెలింగ్ సేల్స్‌మన్ సమస్యే, లెన్‌స్ట్రా 1974లోనే ఈ సంబంధం ఎత్తిచూపాడు, 90 వస్తువులకు కచ్చితమైన జవాబు తేగల ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. కానీ ఆ లెక్క పట్టికలో పక్కపక్కన పడిన 89 దూరాలనే చూస్తుంది, మిగతా 3,916 దూరాలను గాలికి వదిలేస్తుంది. ఎక్కడో ఒక అరిగిపోయిన శాసనం అనుకోకుండా చాలా దూరపు దానితో పోలితే, దారి దాని గుండా ఇటు నుంచి అటు దూకేసి అక్కడి నుంచి మొత్తం తిరగబడి నడుస్తుంది. కాలక్రమానికి నేను దాన్ని వాడను.

రాబిన్సన్ షరతు ఎన్నిసార్లు తప్పిందో లెక్కపెట్టడం మేలు. 90లో మూడేసి తీసుకుంటే 1,17,480 త్రయాలు, ఒక్కోదానిలో కొసల మధ్య దూరాన్ని మిగతా రెండు దూరాలతో పోల్చాలి, మొత్తం 2,34,960 చోట్ల చూడాలి, కంప్యూటర్‌కి అదేం పని కాదు. తప్పినవాటి సంఖ్య తక్కువున్న వరుస మంచిది. ఎంత తేడాతో తప్పిందో కూడా కలిపి లెక్కేస్తే ఇంకా మంచిది, ఎందుకంటే 0.41 ఉండాల్సిన చోట 0.40 ఉండటమూ, 0.9 ఉండాల్సిన చోట 0.2 ఉండటమూ ఒకటి కాదు.

కష్టం ఎక్కడంటే, చెడిపోయిన పట్టికకు ఇలా అన్నిటికంటే మంచి వరుస కనిపెట్టడం చాలా కొలమానాల్లో ఎన్‌పీ-హార్డ్, అంటే ప్రతిసారీ కచ్చితమైన జవాబును వేగంగా ఇచ్చే పద్ధతి ఎవరికీ తెలియదు. ఉదాహరణకు పట్టికను రాబిన్సన్ షరతుకు సరిపడేలా మార్చాలి, మార్పుల్లో అన్నిటికంటే పెద్దది వీలైనంత చిన్నగా ఉండాలి అన్న సమస్య అలాంటిదేనని షెపోయ్, ఫిషే, సెస్తాన్ 2009లో చూపించారు. అందుకని ఫీడ్లర్ వరుసతో మొదలుపెట్టి, ఒక శాసనాన్ని తీసి వేరేచోట పెట్టడం, ఒక ముక్కను తిరగేయడం లాంటి చిన్న మార్పులతో సిమ్యులేటెడ్ అనీలింగ్ (మొదట్లో అప్పుడప్పుడు చెడు మార్పులనూ ఒప్పుకుంటూ మెల్లగా మంచి వరుస వైపు జరిగే పద్ధతి) చేయండి. ఆర్ లాంగ్వేజ్‌లో సీరియేషన్ అనే ప్యాకేజీ ఉంది, హాస్లర్, హోర్నిక్, బుఖ్టా తయారుచేశారు. ఇక్కడ మాట్లాడుకున్న పద్ధతులు చాలావరకు అందులో ఉన్నాయి, గణితం_టీచర్ గారు చెప్పిన మ్యున్‌సింగెన్ డేటా కూడా ఉంది. మీ పట్టిక ముట్టుకునే ముందు దాని మీద చేయి తిప్పుకోండి. ర్యాండమ్ సీడ్ (యాదృచ్ఛిక ఎంపికలకు మొదలు సంఖ్య) మార్చి మార్చి నడిపి, ప్రతిసారీ దాదాపు ఒకే వరుస వస్తోందా అనేది తప్పకుండా చూడండి.

ఇప్పుడు గీతా, జంక్షనా అన్నది. పిచ్చిగా కలిపేసిన వరుసలో షరతు సగం చోట్ల తప్పుతుంది. మీ వరుసలో పాతిక శాతమే తప్పింది అనుకోండి, సంతోషించాలా? అప్పుడే కాదు. ఎందుకంటే అల్గారిథమ్ ఏరి ఏరి పేర్చింది కాబట్టి, అసలు ఏ క్రమమూ లేని డేటాలో కూడా సగం కంటే తక్కువే తెచ్చి చూపిస్తుంది. కాబట్టి పోల్చాల్సింది సగంతో కాదు, క్రమం లేని మీ డేటాతోనే. ఒక్కో అక్షరం తీసుకుని, దాని ఆకారాల నంబర్లను ఆ అక్షరం ఉన్న శాసనాల మధ్య ఇష్టం వచ్చినట్టు పంచేయండి. అన్ని అక్షరాలకూ విడివిడిగా అలా చేశాక ఏ ఆకారం ఎన్ని శాసనాల్లో ఉందో మారదు, ఏ శాసనంలో ఏ అక్షరం లేదో అదీ మారదు, వాటి మధ్య బంధం మాత్రం తెగిపోతుంది. దూరాలు మళ్లీ లెక్కేసి అదే అల్గారిథమ్ నడపండి. ఇదంతా చాలాసార్లు చేసి, అక్కడ వచ్చిన తప్పులకంటే మీ అసలు డేటాలో తప్పులు బాగా తక్కువుంటే అందులో ఏదో నిర్మాణం ఉందని నమ్మొచ్చు. అది గీతే అని ఇంకా తేలలేదు సుమా. దాని కోసం ఎక్కువగా షరతు తప్పిస్తున్న త్రయాలను బయటకు తీసి, వాటిలో ఏ శాసనాలు పదే పదే వస్తున్నాయో చూడండి. ఒకటి రెండు శాసనాలే అయితే అవి చెడిపోయినవి కావచ్చు. ఒక ప్రాంతం మొత్తం అయితే మాత్రం జంక్షన్ అనుకోవాలి.

రాతిపలక

నేను శాసనాల వైపు నుంచి వస్తున్నాను. కోడ్_గుంటూరు గారి ఆఖరి వాక్యం దగ్గర నాకు ప్రాణం లేచొచ్చింది. లెక్క బాగా వచ్చిన పిల్లలు కూడా ఇక్కడే ఆగిపోతుంటారు.

చూడమ్మా, అల్గారిథమ్ నీకు ఇచ్చేది తేడాలు ఎక్కువగా నడిచిన దారి. అది కాలమే అని దానికి తెలియదు. నీ 90లో సగం రాయలసీమవి, సగం కోస్తావి అయితే ఒక కొసన సీమ చేయి (అక్కడి వాళ్లు చెక్కే తీరు), ఇంకో కొసన కోస్తా చేయి తేలి, ఆ వరుసను నువ్వు కాలం అనుకునే ప్రమాదం ఉంది. రెండు ప్రాంతాలనూ విడివిడిగా పేర్చు. రెండు చోట్లా ఆకారాలు ఒకే క్రమంలో మారితే అప్పుడు కలుపు. రాగిరేకులు ఉంటే వాటిని రాతి శాసనాలతో కలపనే కలపకు, రేకు మీద అక్షరం తిరిగే తీరు వేరు. పాత దానాన్ని తర్వాతి కాలంలో మళ్లీ చెక్కించినవి కూడా ఉంటాయి, వాటిలో మాట పాతది, లిపి కొత్తది. శకం అంకె స్పష్టంగా ఉండి కూడా "ఎక్కడెక్కడో" పడ్డాయి అన్నావే, ఆ కొన్నిటినీ ముందు ఈ కళ్లతో చూడు.

శకం ఉన్న వాటి సంవత్సరాలను వరుస వేసేటప్పుడు లెక్కలోకి తీసుకోకు, ఆ సంవత్సరాలను పరీక్షకు దాచిపెట్టు. వరుస వచ్చాక అవి ఏ క్రమంలో పడ్డాయో, అసలు సంవత్సరాల క్రమంతో ఎంత కలిసిందో చూడు. కెండాల్ టౌ అని ఒక కొలత ఉందిగా, అది చాలు (ఆ కెండాల్ మారిస్, పైన చెప్పిన డేవిడ్ వేరే మనిషి). వరుసకు ఏ కొస పాతది అనేది కూడా వీటితోనే తేలుతుంది, ఎందుకంటే దూరాల పట్టికకు ముందూ వెనకా అనేది లేదు, తిరగేసినా అంతే సరిపోతుంది.

ఇంకో జాగ్రత్త. ఎవరో లిపిని చూసి వేసిన కాలాన్ని పరీక్షకు వాడకు. తొలి తెలుగు శాసనంగా చెప్పే కలమళ్ల శాసనాన్ని సుమారు 575 అంటాం, రేనాటి చోళరాజు ధనంజయుడి కాలం అంటాం, కానీ అది రాజవంశాన్నీ లిపినీ బట్టి వేసిన అంచనా, రాతి మీద ఉన్న అంకె కాదు. లిపి వరుసను లిపి అంచనాతో పరీక్షిస్తే తిరిగి తిరిగి అక్కడికే వస్తావు. దానికి బదులు ఇలా చెయ్యి: పాత శాసనాల్లో కనిపించి తర్వాత పోయిన ఴ అక్షరాన్ని దూరాల లెక్కలోంచి పూర్తిగా తీసెయ్యి, వరుస వేశాక ఴ ఉన్న శాసనాలు ఒక కొసన చేరాయా లేదా చూడు. లెక్కకు చెప్పని విషయం లెక్కలోంచి బయటికొస్తే ఆ బలమే వేరు.

నీ దూరం గురించి కూడా ఒక మాట. విరిగిన శాసనాల్లో రెండు మూడు అక్షరాలే ఉమ్మడిగా ఉంటాయి, అప్పుడు దూరం 0 అయినా 1 అయినా నమ్మదగింది కాదు, కానీ పట్టికలో అది ఇరవై అక్షరాల మీద వచ్చిన దూరంతో సమానంగా కూర్చుంటుంది. కనీసం ఇన్ని అక్షరాలు కలవాలి అని గీత పెట్టుకుని, దానికి తగ్గిన శాసనాలను మొదటి వరుసలోంచి పక్కన పెట్టు. మిగతా వాటితో వరుస గట్టిపడ్డాక ఒక్కొక్కటే తెచ్చి ఎక్కడ ఇముడుతుందో చూడొచ్చు.

గణితం_టీచర్

రాతిపలక గారు చెప్పిన చివరి విషయానికి లెక్కలో ఒక తోడు ఉంది. అక్షరాల జాబితాలోంచి, తీసినదాన్ని మళ్లీ వేస్తూ, అదే సంఖ్యలో అక్షరాలు చీటీల్లా తీయండి, కొన్ని రెండుసార్లు వస్తాయి, కొన్ని రావు. వాటితో దూరాలు, వరుస మళ్లీ వేయండి, శకం ఉన్నవాటిని బట్టి దిక్కు సరిచేయండి. దీన్ని వెయ్యిసార్లు చేస్తే ప్రతి శాసనానికీ వెయ్యి స్థానాలు వస్తాయి. ఒక శాసనం ఎప్పుడూ 31కీ 36కీ మధ్యే తిరిగితే దాని స్థానం గట్టిది. 10 నుంచి 60 దాకా ఊగితే దానికి స్థానం తెలియదు అని థీసిస్‌లో అలాగే రాయండి. ఒక్క వరుసను ప్రింట్ తీసి అంటించడం కంటే ఈ పట్టిక విలువైనది.

రేనాటి_అక్షరం

చాలా కృతజ్ఞతలు, ముఖ్యంగా రాతిపలక గారికి. ప్రాంతాలవారీగా విడగొట్టే పని మొదలుపెట్టాను. ఒక్క ప్రశ్న మిగిలింది మేడమ్. కొన్ని శాసనాల్లో శకం పోయింది కానీ సంవత్సరం పేరు మాత్రం ఉంది, విళంబి అనో, ప్రమాది అనో. వీటిని కాలం ఉన్నవాటిలో వేయాలా, లేనివాటిలో వేయాలా?

రాతిపలక

లేనివాటిలోనే వెయ్యి, కానీ వాటి మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచు, నీ పద్ధతి అసలు ఉపయోగం అక్కడే ఉంది. ఆ పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగొస్తాయి కాబట్టి ఒక్కో శాసనానికి 60 ఏళ్ల ఎడంతో కొన్ని సంవత్సరాలే కుదురుతాయి. గణితం_టీచర్ గారు చెప్పిన వెయ్యిసార్ల పద్ధతిలో ఆ శాసనం ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తిరుగుతోందో చూసి, ఆ హద్దుల దగ్గర పడిన శకం ఉన్న శాసనాల సంవత్సరాలు రాసుకో. మధ్య ఎడం 60 ఏళ్ల కంటే తక్కువుంటే అందులో పట్టేది ఒకే ఒక్క విళంబి, పంచాంగం లెక్కతో ఏ సంవత్సరమో నేరుగా చెప్పెయ్యొచ్చు. వారం, తిథి కూడా రాసి ఉంటే ఆ సంవత్సరంలో ఆ తిథి ఆ వారం నాడు పడిందో లేదో సరిచూడు, అది లిపితో ఏ సంబంధమూ లేని సాక్ష్యం. ఎడం 60 దాటితే రెండు మూడు సంవత్సరాలు మిగులుతాయి, అన్నీ రాసి వదిలెయ్యి, నీకు నచ్చిన దాన్ని ఏరుకోకు. ప్రాంతాలవారీ వరుసలు వచ్చాక తలకట్టు ఆకారాల పట్టిక ఇక్కడ పెట్టు, సీమ వైపువి నేను చూసి పెడతాను.